అధ్యక్షుడి వంటింట్లో మా పిన్ని ఏడుపు

పేలిపోతున్న భవనాల్లోంచి వినబడే ఆడవాళ్ళ కేకలు కొన్నేళ్ళపాటు చాలావరకు నావే. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు గొంతు అరువిచ్చే పని చేశాను. మైకు ముందు నిలబడి బతుకుదామనుకునే కుర్రవాళ్ళ కోసం, నా ఉద్యోగంలో మరవలేని సంగతి ఏదైనా రాసివ్వమని ఈమధ్య కొందరు అడిగారు. ఒక పెద్ద నటి ఏడుపుకి నా గొంతు అతికినట్టు సరిపోయిందని అందరూ మెచ్చుకున్న సంగతి రాద్దామని కూర్చున్నాను. రెండు వాక్యాలు రాసేసరికి నామీద నాకే అసహ్యం వేసింది. ఏడుపుల గురించి నేను రాయవలసింది ఆ ఏడుపు గురించి కాదు.

అప్పట్లో ఒక రకం సినిమాలు వరసపెట్టి దిగేవి. ఏదో ఒక దేశాధ్యక్షుడు, ఆయన ఉండే పెద్ద భవనం, ముందు పచ్చిక, లోపల పొడుగాటి వరండాలు. సినిమా మొదలైన కాసేపటికే ముష్కరులు భవనాన్ని పట్టుకుంటారు. కాపలావాళ్ళందరూ పిట్టల్లా రాలిపోతారు. అంతకుముందే ఏదో పొరపాటు చేసి ఉద్యోగం పోగొట్టుకున్న అంగరక్షకుడు ఒక్కడు మిగులుతాడు. వాడే చివరికి అధ్యక్షుణ్ణి భుజానేసుకుని పొగలోంచి బయటికొస్తాడు. హెలికాప్టరు కూలాలి, జెండా కాలాలి, కుట్రలో సొంత మంత్రే ఒకడు ఉండాలి. అలాంటి భవనాల్లో సొరంగం ఎక్కడుంటుందో, పిల్లల గది ఏ మూల ఉంటుందో నాకు మా అద్దె ఇల్లంత బాగా తెలుసు. ఒక సినిమాలో అధ్యక్షుడి భార్యనై గుండు దెబ్బ తిన్నాను. ఇంకోదాంట్లో ఆయన కూతురినై మంచం కింద దాక్కున్నాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఎలాగూ నేనే. "ఇప్పుడే అందిన సమాచారం" అని ఎన్నిసార్లు చెప్పానో.

మా పని చూడ్డానికి చిన్నదే. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా తెర మీద బొమ్మ. ఆ మనిషి పెదాలు ఎక్కడ మూసుకుంటే మన మాట కూడా అక్కడ మూసుకోవాలి. అందుకని మాటల కోసం కొట్టుకుచచ్చేవాళ్ళం. మనిషి వీపు తిప్పితే మాత్రం మా రాజ్యం. పెదాలు కనబడవు కనక ఏ మాటైనా వేసుకోవచ్చు. నా సిగ్గంతా అలా వీపు తిప్పిన ఒక మనిషి దగ్గర మొదలైంది.

దానికి ముందు మా పిన్ని గురించి చెప్పాలి. నేను పుట్టింది ఎస్. రాయవరం దగ్గర ఒక పల్లెలో. పెద్ద చదువుకని నన్ను నర్సీపట్నంలో మా అమ్మ చెల్లెలి ఇంట్లో ఉంచారు. పిన్ని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చిన్న భోజనాల హోటలు నడిపేది. ఏజెన్సీ కొండల నుంచి ఆసుపత్రికని, ఆఫీసు పనులకని దిగివచ్చేవాళ్ళు అక్కడే తినేవారు. ఆవిడ గొంతు రోడ్డు దాకా వినబడేది. కూర తక్కువేశావని ఎవరైనా అంటే, "ఎంత పొట్టున్నాదో అంత కూరే ఏత్తాను, పొట్ట పెంచుకుని రా" అనేది. వాళ్ళు నవ్వుకుంటూ తినేవాళ్ళు. బాబాయి పొలాల్లో పంపుసెట్ల మోటార్లు బాగుచేసేవాడు. నెమ్మదస్తుడు. పిన్ని మాట్లాడుతుంటే వినడానికే పుట్టాడా అన్నట్టు ఉండేవాడు.

నేను ఇంటర్ చదువుతుండగా, మాకవరపాలెం వైపు ఒక చెరుకు తోటలో మోటారు విప్పుతుంటే కరెంటు కొట్టి బాబాయి పోయాడు. ట్రాక్టరు మీద తెచ్చి ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు. పంచె మోకాళ్ళ పైకి లేచిపోయి ఉంది. పిన్ని హోటలు నుంచి పరిగెత్తుకొచ్చింది. చేతుల్నించి గంజి కారుతోంది. ఆవిడ మొదట ఏడవలేదు. ఆయన్ని తిట్టింది.

"బేగి లెగు మావా. జనం సూత్తన్నారు. పంచె ఎగిరిపోయి అలగ తొంగుంటావేటి, సిగ్గునేదేటి నీకు? లెగు. అన్నం ఒండేసినాను. కూర సల్లారిపోతంది, లెగు."

చెబుతూనే ఆయన పంచె సర్దింది. సర్దిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. వీధి వీధంతా ఏడ్చింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ మాటలు నాలోకి ఎలా వెళ్ళి కూర్చున్నాయో తెలియదు గానీ, వాటి ఎత్తూ పల్లం, మధ్యలో ఊపిరి ఆగిన చోటు, అన్నీ కూర్చున్నాయి.

ఆ తర్వాత పిన్ని హోటలు ఆపలేదు. నన్ను చదివించడమూ ఆపలేదు. రేడియో నాటకాలతో మొదలుపెట్టి నేను మద్రాసు, తర్వాత హైదరాబాదు చేరాను. నర్సీపట్నం మాట వదిలించుకుని పుస్తకాల తెలుగు నేర్చుకోవడానికి చాలా కష్టపడ్డాను. పిన్నితో ఫోనులో మాత్రం మా మాటే మాట్లాడేదాన్ని. పక్కన ఎవరైనా ఉంటే బయటికెళ్ళి మాట్లాడేదాన్ని.

ఇక ఆ సినిమా. మామూలు కథే. భవనం, ముష్కరులు, ఒక్కడే అంగరక్షకుడు. అయితే ఇందులో భవనం వంటింట్లో ఒక లావుపాటి వంటావిడ ఉంది. తలుపు దగ్గర నిలబడే ముసలి నౌకరు ఒకడు రోజూ ఆవిడ దగ్గర కాఫీ తాగుతాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో ఉందని తెలుస్తూనే ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు. ఇంటర్వెల్ ముందు ఆ ముసలాయన్ని వంటింట్లో కాల్చేస్తారు. ఆవిడ అతని మీదికి వంగుతుంది. కెమెరా ఆవిడ వీపు వెనకే ఉండిపోతుంది. ఇంగ్లీషులో ఆవిడ అతని పేరు రెండుసార్లు పిలుస్తుంది, అంతే.

ఆ వంటావిడకి గొంతివ్వమని నన్నడిగారు. స్టూడియోలో మేం నలుగురం. మాటలు రాసే పెద్దాయన, సౌండు చూసే కుర్రాడు, నేను, ఆ రోజు ప్రత్యేకంగా వచ్చిన పంపిణీదారు మనిషి. పెద్దాయన చాలా మర్యాదస్తుడు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. పంపిణీదారు మనిషి కుర్చీలో వెనక్కి వాలి, "ఇంటర్వెల్ ముందు జనాన్ని ఏడిపిస్తే సమోసాలు ఎవడు కొంటాడండీ? ఈ వంటావిణ్ణి కాస్త కామెడీ చెయ్యండి" అన్నాడు.

పెద్దాయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి కామెడీ రాయడం రాదు. అప్పుడు నేనే ముందుకొచ్చాను. నన్నెవరూ అడగలేదు, ఇది గుర్తుపెట్టుకోండి.

"మా ఊరి యాసలో చెప్పి చూస్తానండీ" అన్నాను.

ముష్కరులు తుపాకులతో వంటింట్లోకి వచ్చే దృశ్యం వేశారు. "ఒరే సచ్చినోడా, బూట్లతోటి వంటింట్లోకి వత్తావేటి? మీ అమ్మ నీకిదే నేర్పినాదేటి?" అన్నాను. సౌండు కుర్రాడు నవ్వు ఆపుకోలేక రికార్డింగ్ ఆపేశాడు. పంపిణీదారు మనిషి తన యజమానికి ఫోను కలిపి, "ఇది వినండి సార్" అని మళ్ళీ చెప్పించాడు. అన్నేళ్ళుగా నా గొంతుని ఎవరూ అలా ఫోను చేసి మరీ వినిపించలేదు. అధ్యక్షుడి భార్యగా నేను చనిపోయినప్పుడు ఎవరికీ పట్టలేదు. నాకు తలకెక్కింది.

ముసలాయన చచ్చిపోయే దృశ్యానికి వచ్చేసరికి పెద్దాయన, "ఇక్కడ మొహం కనబడదు. ఏదో ఒకటి అనేయమ్మా" అన్నాడు. తెర మీద ఆవిడ వంగింది. నేను నోరు తెరిచాను. మాటల కోసం వెతకలేదు. వెతికి ఉంటే ఆగేదాన్నేమో. అవి వాటంతటవే వచ్చేశాయి.

"బేగి లెగు మావా. జనం సూత్తన్నారు. అలగ తొంగుంటావేటి, సిగ్గునేదేటి నీకు? కూర సల్లారిపోతంది, లెగు."

పిన్ని అన్నట్టు అనలేదు. చివర్లు సాగదీశాను, "సిగ్గునేదేటి" దగ్గర గొంతు కీచుమనిపించాను. పంపిణీదారు మనిషి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కుర్రాడు బల్ల మీద చరిచాడు. పెద్దాయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కడివమ్మా ఈ మాటలు?"

"మా పిన్నివండి."

"ఎప్పుడందావిడ?"

"మా బాబాయి పోయినప్పుడు."

గదిలో నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆయన నా వైపే చూస్తూ, "ఉంచమంటావా మరి?" అన్నాడు.

నేను పంపిణీదారు మనిషి వైపు చూశాను. ఆయన బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. "ఉంచండి. బాగానే వచ్చింది కదా" అన్నాను.

మర్నాడు పిన్నికి ఫోను చేసి, "నీ గొంతు ఒక ఇంగ్లీషు సినిమాలో పెట్టాను పిన్నీ" అని చెప్పాను.

"ఒలమ్మ! ఇంగిలీసు బొమ్మలో నా గొంతేటే?"

"ప్రెసిడెంటు గారి ఇంట్లో వంటమనిషి అచ్చం నీలాగే మాట్లాడుతుంది."

"అయితే పెసిడెంటుగోరికి కూరొండి పెట్టినానన్నమాట!" అని ఎంతసేపు నవ్విందో. ముష్కరుణ్ణి తిట్టిన తిట్టు చెప్పాను. రెండోది చెప్పలేదు. దాచాలని కాదు, అసలది చెప్పవలసినదని నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే దాచడంకన్నా ఇదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

సినిమా విడుదలయ్యాక సెలవు పెట్టి నర్సీపట్నం వచ్చాను. అప్పటికే పిన్ని ఊరందరికీ చెప్పేసింది. హోటల్లో తినేవాళ్ళకి, పాలవాడికి, కండక్టర్లకి కూడా. మ్యాట్నీకి మేం ఒక వరసంతా కూర్చున్నాం. పిన్ని, ఆవిడ కొడుకు, కోడలు, పిల్లలు, పక్కింటావిడ, వీధిలో ఇంకొందరు ఆడవాళ్ళు. పిన్ని పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర కట్టింది. నా పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

వంటావిడ మొదటి మాట అనగానే హాలంతా ఈలలు. మన ఊరి మాట ఆ భవనంలో వినబడేసరికి జనం సీట్లలోంచి లేచారు. పక్కింటావిడ ముందుకి వంగి, "అచ్చం నువ్వేనే!" అంది. పిన్ని నా చెయ్యి నొక్కి, "నానిలగ తిడతానేటే?" అని మురిసిపోయింది. నాకు గర్వంగా ఉంది. అబద్ధమెందుకు, నా ఉద్యోగంలో అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు.

తర్వాత ముసలాయన్ని కాల్చారు. వంటావిడ వంగింది. "బేగి లెగు మావా" అని నా గొంతు హాలంతా నిండింది. నవ్వులు మొదలయ్యాయి. "సిగ్గునేదేటి నీకు" దగ్గర పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు. వెనక వరసలో ఎవరో దాన్నే మళ్ళీ అరిచారు. మా పిన్ని కొడుకు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. తండ్రి పోయేనాటికి వాడు చంటివాడు, వాడికేం తెలుసు.

పిన్ని చెయ్యి నా చేతిలోంచి వెళ్ళిపోయింది. విదిలించలేదు. మెల్లిగా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. అవతలి వైపు పక్కింటావిడ కూడా నవ్వడం లేదు. ఆ రోజు చాప పరిచింది ఆవిడే.

ఇంటర్వెల్‌లో తమ్ముడు సమోసాలు తెచ్చాడు. "అప్పా, సూపరు! ఊరంతా ఇదే అంటారు సూడు" అన్నాడు నాతో. మా వైపు అక్కని అప్ప అంటారు. పిన్ని సమోసా తీసుకుని మొత్తం తింది. తినకపోతే ఎవరైనా ఎందుకని అడుగుతారని తింది. లేచి వెళ్ళిపోతుందేమోనని భయపడ్డాను. వెళ్ళలేదు. రెండో సగంలో అధ్యక్షుణ్ణి రక్షించారు, మంత్రి దొంగని తేలింది, హెలికాప్టరు పచ్చిక మీద దిగింది, అంగరక్షకుడికి ఉద్యోగం తిరిగి ఇచ్చారు. లైట్లు వెలిగాక పిన్ని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ ముసిలోడ్ని మట్టి సేసినారేటి? సూపించనేదు."

"సినిమా కదా పిన్నీ" అన్నాను.

ఇంటికొచ్చాక పిల్లలు వరండాలో అదే ఆట. ఒకడు చచ్చినట్టు పడుకోవడం, ఇంకొకడు "బేగి లెగు మావా" అనడం. కోడలు నవ్వుతూ చూస్తోంది. పిన్ని లోపల కందిపప్పు ఏరుతూ కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"కోపమొచ్చిందా పిన్నీ?"

"ఎందుకొత్తాది?" అని చేటలో రాళ్ళు తీస్తూనే ఉంది. మళ్ళీ తనే అంది. "ఆ రోజు నానేటన్నానో నాకే గుర్తునేదే అమ్మీ. ఒల్లు తెలీనేదప్పుడు. ఇయ్యాల ఇన్నాక గుర్తొచ్చినాది. నువ్వు మాత్రం అచ్చరం పోకుండా దాసినావు."

"జనం నవ్వుతారనుకోలేదు పిన్నీ" అన్నాను. పచ్చి అబద్ధం. నవ్వించడానికే అన్నాను కదా.

ఆవిడ చేట కింద పెట్టింది. "జనాన్నేటంతాం? ఆలకి మీ బాబాయి తెలీదు, నాను తెలీదు. నీకు తెలుసు గదే" అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ చేట తీసుకుంది.

కాళ్ళ మీద పడి ఏడ్చి ఉండవలసింది. నేను లేచి పిల్లల్ని కసిరాను. వాళ్ళు బిక్కమొహాలు వేశారు. పాపం, ఆ ఆట వాళ్ళకి నేర్పింది ఎవరు?

మర్నాడు పొద్దున్న నేను బజారు నుంచి కూరలు తెచ్చాను. పిన్ని గుమ్మంలో ఎదురొచ్చి, "వచ్చావా? ఆ చంచీ ఇలా ఇవ్వు. టీ తాగుతావా?" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. ఎవరో రేడియోలో మాట్లాడినట్టు ఉంది. తన మాటలో స పలికే చోటల్లా పుస్తకాలవాళ్ళు చ అంటారని ఆవిడకి తెలుసు. అందుకని, అందరూ సంచీ అనేదాన్ని కూడా చంచీ చేసేసింది. అలవాటైన నా చెవి ముందు ఆ తప్పు పట్టుకుంది. ఆవిడ ఎందుకలా మాట్లాడుతోందో మనసు తర్వాత గ్రహించింది. కాసేపయ్యాక వీధిలోకి వెళ్ళి పక్కింటావిడతో, "ఏటే, నీల్లొచ్చినాయేటి?" అని ఎప్పటిలాగే అరిచింది. నా దగ్గరికి రాగానే మళ్ళీ "చాయంత్రం ఉంటావా, వెళతావా?" దొంగ తిరుగుతున్న ఇంట్లో సామాను లోపల పెట్టుకుంటారే, అలా తన మాటల్ని లోపల పెట్టేసుకుంది.

నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. ఫోను చేస్తే, "బాగున్నాను. నువ్వు బాగున్నావా? ఉంటాను" అనేది. అంతకుముందు ఆవిడతో ఫోను పెట్టేయించడం ఎంత కష్టంగా ఉండేదో.

ఇంతలో తమ్ముడన్నట్టే అయింది. ఆ మాట టీవీ కామెడీల్లోకి ఎక్కింది. ఫోన్లలో బొమ్మలతో తిరిగింది. హోటల్లో భోంచేసి బల్ల దగ్గర కబుర్లాడుతున్నవాణ్ణి వాడి స్నేహితులే "బేగి లెగు, జనం సూత్తన్నారు" అని లేపేవారట. ఎవరి మాటో వాళ్ళకి తెలియదు. కొందరికి మాత్రం ప్రెసిడెంటు వంటావిడ ఈవిడేనని గుర్తుంది. మొదట్లో ఆవిడే చెప్పుకుంది కదా. "ఆ డయిలాగు ఒక్కసారి సెప్పమ్మా" అని అడిగేవారు. పిన్ని వడ్డించడం మానేసి లోపల పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. బయట కోడలు నిలబడడం మొదలుపెట్టింది. ఇదంతా తమ్ముడు ఫోనులో మామూలుగా చెప్పుకుపోయాడు. "అమ్మ ఈమజ్జ మాటాడ్డం తగ్గించేసినాది అప్పా, ముసిలిదైపోతంది" అన్నాడు.

నేను తిన్నగా మాటల పెద్దాయన ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన, "ఆ రోజు నిన్ను అడక్కుండా నేనే కొట్టెయ్యాల్సిందమ్మా. అడిగి, బరువు నీ నెత్తిన పెట్టాను" అన్నాడు. టీవీలో వేసే ముందు ఆ ఒక్క ముక్క మార్చడానికి పంపిణీదారుని ఒప్పించాడు.

అదే స్టూడియో, అదే సౌండు కుర్రాడు. ఈసారి ఆ మాటల్నే పిన్ని అన్నట్టుగా అనాలనుకున్నాను. కీచులూ సాగదీతలూ లేకుండా. కళ్ళు మూసుకుని గంజి కారే చేతుల్ని గుర్తు తెచ్చుకుని, "బేగి లెగు మావా" అన్నాను. అంతవరకు నేను చేసిన పనిలో అంత నిజంగా ఏదీ చెప్పలేదు. అద్దం అవతల కుర్రాడు ఫక్కున నవ్వాడు. వెంటనే నోరు మూసుకుని, "సారీ మేడమ్. మా ఇంట్లో పిల్లలు రోజూ అంటారు. వినగానే నవ్వొచ్చేస్తోంది" అన్నాడు.

ఆ మాటలు ఇక ఎవరు ఎలా అన్నా నవ్వే వస్తుంది. మా పిన్ని అన్నా సరే. అది నేను చేసి పెట్టిన పని.

పెద్దాయన కలం తీసి, "వెళ్ళిపోయావా, నన్నొదిలేసి వెళ్ళిపోయావా" అని రెండు మామూలు ముక్కలు రాశాడు. అవి చెప్పి వచ్చేశాను. టీవీలో ఆ సినిమా వచ్చిన ఆదివారం చూస్తే పాతదే ఉంది. పంపిణీదారు మనిషికి ఫోను చేశాను. "జనం ఆ డైలాగ్ కోసమే కదా మేడమ్ చూసేది. అది తీసేస్తే ఇంకేముంది?" అన్నాడు. ఆ రోజు "బాగానే వచ్చింది కదా" అన్నది నేనే.

ఈ పనిలోకి రాబోయే పిల్లలకి సలహా ఇచ్చే మొహం కాదు నాది. ఇతరుల మాటలు తీసుకోవద్దని అనలేను, గొంతుకి సొంత మాటలు ఎక్కడుంటాయి? మీరు విన్న వాళ్ళందరూ మీలో ఉంటారు, మైకు ముందు నోరు తెరిస్తే వాళ్ళే వస్తారు. ఆ వచ్చినవాళ్ళని చూసి అవతలివాళ్ళు నవ్వుతున్నప్పుడు మీరు ఎటువైపు చూస్తారన్నదే లెక్క. నేను బొటనవేలు ఎత్తినవాడి వైపు చూశాను.

పని మానేశాక నర్సీపట్నం వచ్చేశాను. పిన్ని ఇంటికి దగ్గర్లోనే ఒక వాటా అద్దెకి తీసుకున్నాను. పిన్ని ఇప్పుడు బాగా పెద్దదయింది, హోటలు కోడలే చూసుకుంటుంది. రోజూ మధ్యాహ్నం వెళతాను. మందులు ఇస్తాను, జుట్టు దువ్వుతాను. నా మీద ప్రేమ లేకపోలేదు. నాకిష్టమని పనసపొట్టు కూర చేయించి ఉంచుతుంది. "తప్పయిపోయింది పిన్నీ" అని ఎన్నిసార్లు అన్నానో. అన్నప్పుడల్లా, "పరవాలేదు. అవన్నీ ఎప్పటివో" అంటుంది, వార్తలు చదివినట్టు.

మొన్నీమధ్య ఒకరోజు కొంచెం ముందుగా వెళ్ళాను. ప్రహరీ గోడ అవతల పిన్ని గొంతు వినబడింది. పక్కింటావిడకి ఏదో చెబుతోంది. పాత గొంతు, రోడ్డు దాకా వినబడే గొంతు. గేటు బయటే ఆగాను.

"పెల్లైన కొత్తల్లోనే. బస్సెక్కించి పాయకరావుపేట దాకా తీసుకెల్నాడు. అక్కణ్నించి వంతెన మీద నడిపించినాడు, అవతల తునిలో బొమ్మ సూపిత్తానని. మజ్జలో ఆగిపోనాడు. కింద తాండవ నిండుగా పోతంది. జేబులు తడుముకుంటన్నాడు, నా మొకం సూత్తన్నాడు, మల్లీ తడుముకుంటన్నాడు..."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతోంది. బాబాయి గురించి ఆవిడ అలా నవ్వుతూ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆ కథా వినలేదు. నాకు తెలియకుండానే గేటుకి ఇంకొంచెం దగ్గరగా జరిగాను. చెప్పు రాయికి తగిలింది.

"అప్పుడేటైనాదే?" అంటోంది పక్కింటావిడ.

"ఆగు. అదొత్తంది."

"వత్తే ఏటి? నీ అప్ప కూతురే గదా."

"అప్ప కూతురే. అదింటే దానికి గుర్తుండిపోద్ది" అంది పిన్ని.

గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను. పక్కింటావిడ చీర దులుపుకుని లేచింది, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. పిన్ని కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు. నన్ను చూసి వాటిని పూర్తిగా తుడిచేసి, "వచ్చావా? కూర్చో" అంది.

కూర్చున్నాను. వంతెన మీద ఆ రోజు ఏమైందో నాకు ఇంతవరకు తెలియదు. అడగలేదు.